మా ఊరి హైస్కూల్లో ఇంటర్ పెడుతున్నారు, పాపను చేర్చమంటారా?

మిరపతోట:
మాది పల్నాడు జిల్లా. మా జిల్లా పరిషత్ హైస్కూల్లో ఈ జూన్ నుంచి ఇంటర్ మొదలుపెడతామని హెచ్‌ఎం గారు ఇంటింటికీ వచ్చి చెప్పి వెళ్లారు. ఎంపీసీ, బైపీసీ రెండే గ్రూపులట. మా పాపకి పదిలో 512 వచ్చాయి, బైపీసీ అంటోంది. ఇప్పటిదాకా రెండు గ్రూపులకీ కలిపి పేర్లిచ్చింది 11 మంది. ఇంతమందితో గ్రూపు నడుపుతారా, మధ్యలో ఎత్తేస్తారా? తమ్ముడి కొడుక్కి సీఈసీ (సివిక్స్, ఎకనామిక్స్, కామర్స్) కావాలి, అడిగితే పెడతారా? ల్యాబ్ ఎలా ఉంటుంది? తెలిసినవాళ్లు చెప్పండి, వారంలో తేల్చుకోవాలి.

ఎర్రబస్సు:
2022లో 292 హైస్కూళ్లను ఆడపిల్లల కోసం ఇంటర్ కూడా పెట్టి హైస్కూల్ ప్లస్ చేశారు కదా, మా పెద్దమ్మాయి ఆ మొదటి బ్యాచ్. ఎవరో చెప్పగా విన్నది కాదు, ఇంట్లో చూసింది చెబుతున్నా. జులైలో చేరితే ఫిజిక్స్ చెప్పే మనిషి దసరా సెలవులు అయ్యాక వచ్చారు. అందాకా లెక్కల మాస్టారే పుస్తకం చదివి వినిపించారు, ఆయన్ని అనడానికి లేదు, తొమ్మిది పది క్లాసులు కూడా ఆయన మీదే ఉన్నాయి. 14 మందిలో ఫస్టియర్ అన్నీ పాసైంది ముగ్గురే, మా అమ్మాయి ఆ ముగ్గురిలో లేదు. సప్లిమెంటరీ రాసి గట్టెక్కేసరికి పిల్లకి చదువంటేనే భయం పట్టుకుంది. తమ్ముడూ, మొదటి బ్యాచ్‌లో మాత్రం వద్దు.

బొండుమల్లి:
నేనూ అలాంటి బడిలోనే బైపీసీ చదివాను, అంకుల్. మేం తొమ్మిది మందిమి. ఇప్పుడు బీఎస్సీ నర్సింగ్ రెండో ఏడాది. తొమ్మిది మందే కాబట్టి ఉల్లిపొర స్లైడు ప్రతి ఒక్కరం సొంతంగా చేసి మైక్రోస్కోపులో చూశాం, టౌన్‌లో చదివిన మా కజిన్ రెండేళ్లలో ఒక్కసారి దాని దగ్గరికి వెళ్లిందట. మా బయాలజీ మేడమ్ సాయంత్రం ఐదున్నర దాకా ఉండి చెప్పేవారు. సంస్కృతం చెప్పేవాళ్లు లేరు, తెలుగే తీసుకున్నాను, 91 వచ్చాయి. మేడమ్ మంచివారైతే బడి కొత్తదైనా పర్వాలేదు.

ర్యాంకువేట:
అదే చెప్పబోతున్నా. సంస్కృతం లేని చోట చేర్చకండి. సంస్కృతం తీసుకుంటే 97, 98 గ్యారంటీ, సగం జవాబులు తెలుగులోనో ఇంగ్లీషులోనో రాయొచ్చు. తెలుగులో అన్ని మార్కులు ఎవరికి వేస్తారు? పిల్ల ఊరికే ఏడెనిమిది మార్కులు పోగొట్టుకోవడం దేనికి?

పద్యంపిచ్చి:
ఊరికే పోగొట్టుకుంటోంది మార్కులు కాదండీ, భాష. నేను 16 ఏళ్లుగా తెలుగు చెబుతున్నాను. ఇంటర్లో రెండేళ్లు తెలుగు ముట్టుకోని పిల్లలు డిగ్రీకొచ్చి సెలవు చీటీ రాయలేకపోతున్నారు. సంస్కృతం మీద ప్రేమతో తీసుకునేవాళ్లకి దండం పెడతాను. మార్కుల కోసం తీసుకుని పరీక్ష మర్నాడు ఒక్క శ్లోకం చెప్పలేనివాళ్లని చూస్తేనే కడుపు మండుతుంది.

ర్యాంకువేట:
మీ కడుపు మంట కోసం మా పిల్లలు ర్యాంకు పోగొట్టుకోవాలా సార్?

పీఎస్ మాస్టర్:
ఇద్దరూ ఆగండి. 23 ఏళ్లుగా ఫిజికల్ సైన్స్ స్కూల్ అసిస్టెంట్‌ని, ఎంఎస్సీ ఫిజిక్స్, రెండేళ్లు ప్లస్ బడిలో ఇంటర్ కూడా చెప్పాను. ఈఏపీసెట్‌లో ఇంటర్ వెయిటేజీ 25 శాతం, అందులోకి వచ్చేది గ్రూపు సబ్జెక్టుల మార్కులే. భాష మార్కులు లెక్కలోకే రావు. తెలుగు తీసుకుంటే ర్యాంకు పోతుందనే భయం కాలేజీ పీఆర్వోలు పుట్టించింది.

ర్యాంకువేట:
జేఈఈ సంగతేంటి మాస్టారూ? ఎన్ఐటీ సీటుకి ఇంటర్లో 75 శాతం అడుగుతారు, ఎస్సీ ఎస్టీలకి 65. అందులో భాష మార్కులు కలుస్తాయా లేదా?

పీఎస్ మాస్టర్:
కలుస్తాయి. 75 శాతం లేకపోయినా బోర్డులో టాప్ 20 పర్సంటైల్‌లో ఉంటే చాలు, అది మీరు చెప్పలేదు. అయినా తెలుగులో 85 తెచ్చుకునే పిల్లకి 75 శాతం ఎందుకు ఆగుతుంది? పైగా ఆయన పాప బైపీసీ. బైపీసీ పిల్లకి జేఈఈ ఎందుకు తెచ్చారు?

పద్యంపిచ్చి:
అదీ మాట.

ర్యాంకువేట:
ఎంపీసీ పిల్లలు కూడా ఈ చర్చ చదువుతారని తెచ్చాను. మాస్టర్లందరూ ఒకటైతే తల్లిదండ్రులు నోరెత్తకూడదా?

ఎర్రబస్సు:
ఆయన అడిగింది గ్రూపు నిలుస్తుందా అని. మీరు సంస్కృతం దగ్గరే ఉండిపోయారు. మాస్టారూ, ఫిజిక్స్ చెప్పే మనిషి దసరాదాకా ఎందుకు రాలేదో చెప్పండి ముందు. నాలుగేళ్లుగా అడుగుతున్నా, ఒక్కరూ జవాబు చెప్పలేదు.

పీఎస్ మాస్టర్:
చెబుతాను. హైస్కూల్లో పీఎస్ (ఫిజికల్ సైన్స్), బీఎస్ (బయలాజికల్ సైన్స్), మ్యాథ్స్, సోషల్, ఇంగ్లీష్, తెలుగు, హిందీ పోస్టులుంటాయి. ఇంటర్‌కి ఫిజిక్స్ వేరు, కెమిస్ట్రీ వేరు. పీఎస్ మాస్టర్ ఎంఎస్సీ ఫిజిక్స్ అయితే కెమిస్ట్రీకి ఇంకొకర్ని వెతకాలి, ఎంఎస్సీ కెమిస్ట్రీ అయితే ఫిజిక్స్‌కి వెతకాలి. 292 బడులకి బడికి ఆరుగురు చొప్పున 1,752 మందిని పీజీ ఉన్న స్కూల్ అసిస్టెంట్లలోంచే తీసుకున్నారు, ఒక్క ఇంక్రిమెంట్ ఇచ్చి. వాళ్లు వదిలి వెళ్లిన బడిలో పదో తరగతి ఖాళీ, వాళ్లు రాని ప్లస్ బడిలో ఇంటర్ ఖాళీ. మీ అమ్మాయి బడి రెండో రకంలో పడింది. అది మీ అమ్మాయి తప్పు కాదు, ఆ మాట ఇంట్లో ఆమెకి కూడా చెప్పండి.

సీఈసీ కూడా ఇందుకే కుదరదు. ఎకనామిక్స్, సివిక్స్‌కి పీజీ ఉన్న సోషల్ మాస్టర్ దొరకొచ్చు. కామర్స్‌కి హైస్కూల్లో పోస్టే లేదు. మిరపతోట గారూ, తమ్ముడి కొడుకుని కామర్స్ లెక్చరర్ ఉన్న ప్రభుత్వ జూనియర్ కాలేజీకి పంపండి, మోడల్ స్కూల్లో సీటు దొరికితే ఇంకా మంచిది, అక్కడ సీఈసీతో పాటు ఎంఈసీ (మ్యాథ్స్, ఎకనామిక్స్, కామర్స్) కూడా ఉంటుంది.

ఎర్రబస్సు:
సరే. ఈ మాట అప్పుడే ఎవరైనా చెప్పుంటే అమ్మాయిని అన్ని మాటలు అనేవాణ్ణి కాదు.

కొండపల్లి బొమ్మ:
మీ దగ్గర పదిలో మంచి మార్కులు వచ్చినవాళ్లు ఎంతమంది ట్రిపుల్ ఐటీకి పెట్టారో కనుక్కోండి. నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం నాలుగింటికీ సీటు పది మార్కుల మీదే, ప్రభుత్వ బడి పిల్లలకి 4 శాతం కలుపుతారు. మా ఊళ్లో జూన్‌లో 20 పేర్లున్నాయి, ట్రిపుల్ ఐటీ లిస్టు, పాలిటెక్నిక్ కౌన్సెలింగ్, గురుకులం సీట్లు వచ్చేసరికి 8 మిగిలాయి. మీ 11 మందిలో కూడా సగం మంది వేరేచోట కాలు పెట్టే ఉంటారు. 512తో మీ పాప కూడా ట్రిపుల్ ఐటీకి పెట్టండి, పోయేదేముంది?

మిరపతోట:
పెట్టాం అక్కా. కానీ అక్కడ చేరితే ఇంజనీరింగే కదా, పాపకి నర్సింగ్, ఫార్మసీ మీద మనసు.

సందెపొద్దు:
ఆడపిల్లలకి బస్సు ఉచితం అయ్యింది కదా, పోయిన ఆగస్టు 15 నుంచి. పల్లెవెలుగు ఎక్కి టౌన్‌కి వెళ్లి చదువుకోక ఊళ్లో 11 మందితో కూర్చోబెట్టడం ఎందుకు?

బొండుమల్లి:
టికెట్ ఉచితమే, సాయంత్రం బస్సు ఎన్నింటికి? నా ఫ్రెండ్ టౌన్ కాలేజీలో చేరింది, నాలుగున్నర బస్సు తప్పితే మళ్లీ ఏడింటికే. శీతాకాలం ఏడింటికి చీకట్లో స్టేజీ దగ్గర నుంచి కిలోమీటరున్నర నడక. సంక్రాంతికి మానేసింది, ఫిబ్రవరిలో నిశ్చితార్థం చేసేశారు. నాకు ఇంటర్ మా ఊళ్లోనే ఉంది కాబట్టి నాకు ఆ మాట రాలేదు.

సందెపొద్దు:
అలా ఆలోచించలేదు, తల్లీ.

అనకాపల్లి బెల్లం:
పిల్లల చదువుకి ప్రభుత్వం వేసే తల్లికి వందనం డబ్బు హైస్కూల్లో ఇంటర్ చదివినా పడుతుందా? మాకు పోయినసారి 13,000 పడ్డాయి, కరెంటు 300 యూనిట్లు దాటిందని మా చెల్లెలికి ఆగింది.

పీఎస్ మాస్టర్:
ఒకటి నుంచి ఇంటర్ దాకా ఉంది, హాజరు 75 శాతం ఉండాలి. కరెంటు సంగతి సచివాలయంలో అడగండి, ఇక్కడ వద్దు.

లంబాడీ తండా:
అందరూ ఎంపీసీ బైపీసీ అంటారు, ఒకేషనల్ ఎవరూ అడగరు. మా తండా ఆడపిల్లలకి ఎంపీహెచ్‌డబ్ల్యూ (హెల్త్ వర్కర్), ఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్) లాంటివి పెడితే రెండేళ్లకి చేతిలో పని ఉంటుంది. పేర్లివ్వమంటే 30 మందిని నేనే తీసుకొస్తా. మాకు ఎవరూ పేర్లు అడగరు.

లెక్కల చెల్లి:
పోయిన ఏడాది నుంచి మార్పులు వచ్చాయి, ఎవరూ చెప్పలేదు. బోటనీ, జువాలజీ కలిపి బయాలజీ ఒకటే పేపరు, మ్యాథ్స్ 1ఎ, 1బి కలిపి 100 మార్కులకి ఒకటే. బైపీసీ పిల్లలు మ్యాథ్స్ కూడా అదనంగా రాయొచ్చు, ఎంబైపీసీ అంటున్నారు. మీ బడిలో రెండు గ్రూపులూ ఉన్నాయి కాబట్టి లెక్కల క్లాసు ఎలాగూ నడుస్తుంది, పాపకి ఆ అవకాశం అడగండి. రెండో భాష కూడా తప్పనిసరి కాదిప్పుడు, ఇంకో సబ్జెక్టు తీసుకోవచ్చు.

పద్యంపిచ్చి:
ఆ చివరి మాట ఎందుకు గుర్తుచేశారమ్మా. రెండో భాష వద్దనుకునే వీలు ఇచ్చాక మా తెలుగు క్లాసులో ఎవరు మిగులుతారు?

ర్యాంకువేట:
మళ్లీ మొదలైంది.

మిరపతోట:
ఇవాళ బడికి వెళ్లొచ్చాను. మాస్టారు చెప్పింది విన్నాక, ఏ సబ్జెక్టుకి ఎవరున్నారో అడిగాను. బీఎస్ మేడమ్ ఎంఎస్సీ జువాలజీ, ఇంటర్ చెప్పడానికి సిద్ధంగా ఉన్నారు. కెమిస్ట్రీకి మనిషి ఉన్నారు, ఫిజిక్స్‌కి ఆర్డరు ఇంకా రాలేదట. ల్యాబ్ గదికి తాళం తీయించి చూశాను, మైక్రోస్కోపులు మూడు, బ్యూరెట్లు అట్టపెట్టెలో విప్పకుండా ఉన్నాయి, నీళ్ల కుళాయి లేదు. పేర్లు 16 అయ్యాయి. నేను, ఇంకో ముగ్గురు తండ్రులం కలిసి ఫిజిక్స్ పోస్టు గురించి సోమవారం డీఈవో ఆఫీసుకి అర్జీ పట్టుకెళ్తున్నాం. ఎర్రబస్సు అన్నా, అర్జీలో మీ అమ్మాయి బ్యాచ్ సంగతి పేరు లేకుండా రాసుకోవచ్చా?

ఎర్రబస్సు:
రాసుకో తమ్ముడూ. ఫిజిక్స్ మాస్టారు ఏ నెలలో వచ్చారో కూడా రాయి.