అప్‌డేట్: పెద్ద టైర్లు వేశాక పికప్ మైలేజీ పడిపోయింది

నా పికప్‌కు 215/75 సైజు టైర్లు తీసేసి, వాటికన్నా వెడల్పూ ఎత్తూ ఎక్కువున్న 235/75 వేశాక మైలేజీ లీటరుకు 13.5 కిలోమీటర్ల నుంచి 12.2కి పడిందని పోయిన నెల అడిగాను కదా. ముందు కిలోమీటర్ల మీటర్ సరిగా చూపిస్తుందో లేదో చూడమని సలహా ఇచ్చిన అన్నకు థాంక్స్.

తిరుపతి నుంచి చిత్తూరుకు ఫోన్ జీపీఎస్ 70 కిలోమీటర్లు చూపిస్తే బండి మీటర్ 67 దగ్గరే ఆగింది. రెండూ 15 అంగుళాల రిమ్ టైర్లే, కానీ కొత్తది సుమారు 4.3 శాతం ఎత్తు ఎక్కువ. చక్రం ఒక్కసారి తిరిగితే బండి అంత ఎక్కువ దూరం పోతుంది, మీటర్‌కు ఆ సంగతి తెలియదు, అందుకే దూరం తక్కువ చూపించి మైలేజీ కూడా తక్కువ అనిపిస్తుంది. లెక్క సరిచేస్తే 12.7 వచ్చింది. అంటే కొంత టెన్షన్ ఊరికే పడ్డాను!

మిగతా నష్టం మాత్రం నిజమే. టైరు బరువు పెరిగింది. పైగా డిఫరెన్షియల్‌లో (వెనక ఇరుసు మధ్యలో ఉండే గేర్ల పెట్టె) 4.3 రేషియో ఉంటే, అంటే చక్రం ఒక్కసారి తిరగడానికి షాఫ్ట్ 4.3 సార్లు తిరగాలంటే, పెద్ద టైరుతో అది ఇప్పుడు దాదాపు 4.1 లాగా పనిచేస్తుంది, లాగే బలం తగ్గుతుంది. ఖాళీ బండితో హైవేలో ఇంజిన్ కాస్త నెమ్మదిగా తిరుగుతుంది, హాయిగానే ఉంది. టమాటా లోడుతో భాకరాపేట ఘాట్ ఎక్కితే తెలుస్తుంది కథ. ఇదివరకు నాలుగో గేరులో లాగిన చోట ఇప్పుడు మూడు వేయాల్సిందే.

ఆ రేషియో సరిచేయడానికి క్రౌన్ పినియన్ (డిఫరెన్షియల్ లోపలి గేర్ల జత) మార్చేద్దాం అన్నాడు మెకానిక్. ఆ ఖర్చుకు ఎన్ని ట్రిప్పుల డీజిల్ వస్తుందో లెక్కేసి వద్దన్నాను. పాత టైర్లు ఇంకా షెడ్డులోనే ఉన్నాయి, ఆదివారం అవే బిగిస్తున్నా. చూడ్డానికి మాత్రం పెద్దవే బాగున్నాయి, అది ఒప్పుకోవాలి.