రక్తంలో సీసం 42: పిల్లల కోసం ఎంతకాలం ఆగాలి?

కొలిమిపని: పాత బ్యాటరీ ప్లేట్లు కరిగించే పని నాది. రక్తంలో సీసం డెసిలీటరుకు 42 మైక్రోగ్రాములు వచ్చింది. వీర్య పరీక్షలో కౌంటు మిల్లీలీటరుకు 11 మిలియన్లు, ముందుకు కదిలేవి 22 శాతం. పిల్లల కోసం చూస్తున్నాం. కీలేషన్ (మందుతో ఒంట్లోని లోహాన్ని బయటకు లాగే చికిత్స) చేయించుకుంటే త్వరగా సర్దుకుంటుందా? మళ్లీ పరీక్ష ఎప్పుడు?

ల్యాబ్‌బల్ల: ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మాన్యువల్ ప్రకారం కింది హద్దులు 16 మిలియన్లు, 30 శాతం. మీవి రెండూ తక్కువే. అయినా ఒక్క రిపోర్టుతో తేల్చేయకండి. 2 నుంచి 7 రోజుల విరామం ఉండాలి, శాంపిల్ గంటలోపు బల్ల మీదకు రావాలి. మొదటి చుక్కలు కింద పోతే తప్పక చెప్పండి, కణాలు ఎక్కువగా ఉండేది వాటిలోనే. ఈమధ్య గట్టి జ్వరం వచ్చినా కౌంటు పడిపోతుంది.

కణం తయారవడానికి సుమారు 74 రోజులు, వృషణం పక్కనుండే ఎపిడిడిమిస్ గొట్టం దాటడానికి మరో రెండు వారాల దాకా పడుతుంది. సీసం ఆపిన నెలకే పరీక్ష చేయిస్తే కనిపించేది పాత సరుకే. మూడు నెలలు ఆగండి.

విషవైద్యం: లక్షణాలేమీ లేకుండా 42 దగ్గర కీలేషన్ మొదలుపెట్టడం మామూలుగా చేయరు. పొగ పీలుస్తూనే ఆ మందు వాడటమైతే శుద్ధ దండగ. పైగా ఈడీటీఏ లాంటి కీలేషన్ మందులు జింకును కూడా లాగేస్తాయి. వీర్యకణంలో డీఎన్ఏను బిగించి చుట్టే ప్రోటమిన్ అనే ప్రోటీన్‌కు కావాల్సింది ఆ జింకే. సీసం దాని చోటు ఆక్రమిస్తే చుట్ట వదులవుతుంది. అందుకే కౌంటు బాగున్నా డీఎన్ఏ దెబ్బతిని ఉండొచ్చు.

అసలు మందు సీసానికి దూరం కావడమే. రక్తంలోది నెలకు కాస్త అటూఇటూగా సగమవుతుంది. అయితే ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లకు ఎముకల్లోంచి ఊరుతూనే ఉంటుంది కాబట్టి తర్వాత మెల్లగా దిగుతుంది. పిల్లలు కావాలనుకునే కార్మికులు, ఆడైనా మగైనా, 30 లోపు ఉండాలని అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా పాత సీసం నిబంధనల్లోనే రాసింది. ఇప్పటి లెక్కలో 30 కూడా ఎక్కువే. వీలైనంత కిందికి దించండి.

కొలిమిపని: జుట్టు పరీక్షలో అన్ని లోహాలూ తెలుస్తాయంటున్నారు?

విషవైద్యం: ఆ డబ్బు మిగుల్చుకోండి. జుట్టుకు బయటి దుమ్ము అంటుకుంటుంది. మందు మింగించి తీసే మూత్ర పరీక్షకూ సరైన ప్రమాణాలు లేవు. చెయ్యి సబ్బుతో కడిగాక నరం నుంచి తీసిన రక్తమే నమ్మకం. సిగరెట్ తాగితే కాడ్మియం కూడా చూపించుకోండి, పొగలో అది ఉంటుంది.

ల్యాబ్‌బల్ల: ఇంకొకటి. పని బట్టలు, చెప్పులు ఇంటికి తేవద్దు. స్నానం అక్కడే చేసి రండి. షెడ్డులో పొడి చీపురు ఆపి తడిగుడ్డతో తుడవండి. ఆ దుమ్ము గర్భిణికి ఇంకా ప్రమాదం, కాబట్టి మీ ఆవిడ రక్తంలో సీసం ఎంతుందో కూడా ముందే చూపించండి. ఈలోగా యూరాలజిస్టు దగ్గర వెరికోసీల్ (వృషణాల సంచిలో రక్తనాళాలు ఉబ్బడం) ఉందేమో చూపించుకోండి. తప్పంతా సీసం మీద వేసి దాన్ని వదిలేసేవాళ్లే ఎక్కువ.