పౌరసత్వం పోయిందా, తీసేశారా, వెలివేశారా?

మొన్న ఒక వార్తలో 'పౌరసత్వం కోల్పోయాడు' అని చదివాను. కోల్పోవడానికి అదేమన్నా మా చెన్నై 29సీ బస్సులో జారిపోయిన పర్సా? తీసేసినవాళ్ళు ఆ వాక్యంలో ఎక్కడా లేరు.

మా పిన్ని కొడుకు అమెరికా పౌరుడయ్యాక పాత పాస్‌పోర్టు అప్పగిస్తే, రద్దు ముద్ర వేసి తిరిగిచ్చారు. వాడు సెలవులకి విల్లివాక్కం వచ్చినప్పుడు అమ్మమ్మ ఆ ముద్ర చూసి, "ఏం తప్పు చేశావురా, కొట్టేశారు?" అంది. అందరం నవ్వాం గానీ నాకు ఆ ప్రశ్న అలాగే ఉండిపోయింది. 1955 పౌరసత్వ చట్టంలో పౌరసత్వం పోవడం మూడు రకాలు. మనమే వదులుకుంటే 8వ సెక్షన్. మనంతట మనం ఇంకో దేశ పౌరసత్వం తీసుకుంటే దానంతటదే పోతుంది, అది 9. మావాడి సంగతి ఇదే. ప్రభుత్వం తీసేస్తే 10. ఈ మూడోదానికి సరైన తెలుగు మాట ఏది? నాకు 'ఊడబెరకడం' తోస్తోంది. మరీ నాటుగా ఉందంటారా?

మాధవరం అక్క: నాటుగా ఉన్నా ఫర్వాలేదు, చేసినవాడు కనిపిస్తున్నాడు. నేనైతే 'వెలి' అంటాను. ఇక్కడ పార్కింగుల్లో తమిళంలో 'ఉళ్ళే' (లోపలికి), 'వెళియే' (బయటికి) అని రాసి ఉంటుంది చూడు, ఆ మాటా మన వెలీ ఒకటే. విదేశం వీళ్ళకి 'వెళినాడు'. వీళ్ళకది వట్టి బయట. మనకి వెలి అనగానే వెలివాడ గుర్తొస్తుంది, నీళ్ళు తోడుకోనివ్వని బావి గుర్తొస్తుంది.

లాయరు బాబాయి: తొందరపడకమ్మా, అన్నిటికీ వెలి అతకదు. వేములవాడ మాజీ ఎమ్మెల్యే చెన్నమనేని రమేశ్ కేసు ఉంది కదా. దరఖాస్తుకు ముందు పన్నెండు నెలలు ఇక్కడే ఉండాలన్న నిబంధన దగ్గర అసలు విషయం దాచారని హోంశాఖ పౌరసత్వం తీసేసింది. 2024 డిసెంబరులో తెలంగాణ హైకోర్టు ఆయన పిటిషన్ కొట్టేసి, 30 లక్షలు కట్టమంది. అక్కడ 'రద్దు' సరిపోతుంది. తప్పు చెప్పి తెచ్చుకున్నది వెనక్కి పోయింది, అంతే. కానీ అదే 10వ సెక్షన్లో, మాటలోగానీ చేతలోగానీ రాజ్యాంగం పట్ల విధేయత లేకపోవడం కూడా ఒక కారణం. ఆ మనిషి సక్రమంగానే పౌరుడయ్యాడు, తర్వాత బయటికి నెడుతున్నాం. మీ అక్క మాట అక్కడ వాడండి.

నేను: మరి పుట్టుకతో పౌరులైనవాళ్ళ మాటేంటి బాబాయ్?

లాయరు బాబాయి: వాళ్ళ జోలికి 10 రాదు. దరఖాస్తు పెట్టుకుని పౌరులైనవాళ్ళకే. పౌరుడైన ఐదేళ్ళలోపు ఏ దేశంలోనైనా రెండేళ్ళో అంతకు మించో జైలు పడితే అదీ ఒక కారణమే. అంటే ఒకే నేరానికి ఒకడికి జైలు, పక్కవాడికి జైలూ వెలీ. నోటీసివ్వాలి, అడిగితే విచారణ కమిటీ వెయ్యాలి, నిజమే. అయినా నాకు మింగుడుపడదు. బ్రిటన్ ఇంకో అడుగు ముందుంది. లండన్‌లో పుట్టి పదిహేనేళ్ళప్పుడు ఐసిస్‌లో చేరడానికి సిరియా వెళ్ళిన షమీమా బేగంకి 2019లో తీసేసింది. బంగ్లాదేశ్ మీద ఆమెకి హక్కుందని బ్రిటన్ వాదన. మాకు సంబంధం లేదని బంగ్లాదేశ్ అంది.

మాధవరం అక్క: చూశావా, రెండూళ్ళ వెలి!

(పక్కదారి: కన్నడంలో 'పౌరత్వ', మలయాళంలో 'పౌరత్వం'. మధ్యలో 'స' మనకే ఎందుకొచ్చిందో ఎవరైనా చెప్తారా?)

అమ్మమ్మకి ఇవాళ 9వ సెక్షన్ వివరించాను, ఎవరూ కొట్టెయ్యలేదు, దానంతటదే పోయిందని. "దానంతటదే పోయినదానికి మళ్ళీ ముద్దర దేనికి?" అంది. బాబాయ్, దీనికి మీరే జవాబు చెప్పాలి.