కొబ్బరికాయతో నీళ్ల పాయింట్: న్యాయంగా పరీక్ష పెట్టడం ఎట్లా?

పొదిలి_మెట్టరైతు అడిగారు:

అందరికీ నమస్కారం. మాది పొదిలి, కనిగిరి మధ్య మెట్ట ఊరు. ఎండాకాలం వస్తే బోరు బండ్ల కంటే ముందు నీళ్లు చూసేవాళ్లు దిగుతారు. పక్క ఊరి పెద్దాయన ఒకాయన అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకొని చేలో నడుస్తాడు. జల ఉన్నచోట కాయ లేచి నిలబడుతుందంటాడు. పదిట్లో తొమ్మిది పడతాయని పేరు. మనిషి మంచివాడు, ఎవరినీ పీడించి తీసుకోడు. మేం పరీక్ష పెడతామంటే సంతోషంగా సరేనన్నాడు.

మా బృందంలో హైస్కూలు సైన్సు మేష్టారు, డిగ్రీ పిల్లలు, ఇద్దరు రైతులం ఉన్నాం. బోర్లు వేయించి చూసే స్తోమత మాకు లేదు. బోరు వేయకుండా తేల్చే దారి ఉందా? ఎన్ని సరిగ్గా చెబితే నిజమని ఒప్పుకోవాలి? ఆ పెద్దాయన్ని చిన్నబుచ్చకుండా ఎట్లా చేయాలి? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

హేతువు_ఒంగోలు:

ఆయన ఒప్పుకున్నాడంటే సగం పని అయినట్టే. ఆ నమ్మకం పోగొట్టుకోకండి. చాలాచోట్ల ఇక్కడే చెడుతుంది. మైకు, బ్యానరు, విలేకరులను వెంటేసుకొని వెళ్తారు, నలుగురిలో నిలదీస్తారు, ఊరు రెండు వర్గాలవుతుంది, అసలు పరీక్ష జరగనే జరగదు.

మొదటి రోజు పరీక్ష వద్దు. కూర్చోబెట్టి ఆయన చేతే చెప్పించండి, మీరు రాసుకోండి. పారే జలే తెలుస్తుందా, నిలవ నీళ్లు కూడానా? ఎంత లోతు దాకా? కాళ్లకు చెప్పులుండొచ్చా? అమావాస్య అడ్డమా? కరెంటు తీగల కింద పనిచేస్తుందా? ఆయన ఏ షరతు పెట్టినా ఒప్పుకోండి. నీళ్లు ఎక్కడున్నాయో ఆయనకు గానీ, ఆయన పక్కన నడిచేవాళ్లకు గానీ ముందే తెలిసిపోయే షరతు మాత్రం కుదరదు. ఎన్నిటికి ఎన్ని సరిగ్గా చెబుతాడో కూడా ఆయన నోటితోనే చెప్పించి, చదివి వినిపించి సంతకం తీసుకోండి. 1990లో జర్మనీలోని కాసెల్‌లో అక్కడి హేతువాద సంఘం ఇట్లాగే చేసింది. 50 సెంటీమీటర్ల లోతున ప్లాస్టిక్ పైపులు పాతి, నీళ్లు పారుతున్నాయో లేదో చెప్పమన్నారు. దాదాపు 30 మంది వచ్చారు, పరీక్ష న్యాయమైనదేనని, నూటికి నూరు చెబుతామని రాసిచ్చారు. చివరికి వచ్చిన లెక్క ఊహించి చెబితే వచ్చేదానికి మించలేదు.

నిలవ నీళ్లు కూడా తెలుస్తాయంటే క్యాన్ల పరీక్ష పెట్టండి. 20 లీటర్ల మంచినీళ్ల క్యాన్లు ఒకే రకానివి ఆరు తీసుకోండి. ఒకదాంట్లో నిండా నీళ్లు, మిగతా ఐదింట్లో బాగా ఎండిన ఇసుక. ఇసుక నిండా పోస్తే బరువు పెరుగుతుంది. 12, 13 లీటర్ల గీత దాకా పోస్తే 20 కిలోలకు దగ్గరగా వస్తుంది, తూకం వేసి సరిచేయండి. నీళ్లు ముందురోజు రాత్రే పట్టి ఉంచాలి. అప్పుడే పట్టిన చల్లని నీళ్లయితే క్యాన్ మీద తేమ పడుతుంది, కంటికి దొరికిపోతుంది. ఒక్కోదాని మీద ఒకే సైజు అట్టపెట్టె బోర్లించండి. పెట్టెకూ పెట్టెకూ మధ్య పదడుగులు. కింద టార్పాలిన్ పట్ట పరవకపోతే కాలి గుర్తులు, ఒలికిన చుక్కలు ఆనవాళ్లవుతాయి.

ముందు తెరిచిన పరీక్ష జరగాలి. దీన్ని వదిలేస్తే తర్వాత గొడవ ఖాయం. క్యాన్లు లేకముందు ఆ స్థలమంతా కాయతో నడవమనండి. కింద జల ఉంది అన్నచోటు వదిలేసి వేరేచోట పెట్టండి. తర్వాత నీళ్ల క్యాన్ ఏదో చూపించి కాయ లేస్తుందేమో చూడమనండి. లేచింది, అంతా బాగుంది అని ఆయన అన్నాక, అది వీడియోలో పడ్డాక, పెట్టెలు మూయండి. ఓడిపోయాక "ఇక్కడ భూమి మంచిది కాదు" అనే మాటకు అప్పుడు చోటుండదు.

ఇక అసలు ఆట. మీ వాళ్లు రెండు జట్లుగా విడిపోవాలి. పెట్టే జట్టు పాచిక వేసి, పడిన అంకె ఉన్న చోట నీళ్ల క్యాన్ పెడుతుంది. ప్రతిసారీ ఆరు పెట్టెలూ ఎత్తి దించాలి, కదిలినవి ఏవో తెలియకూడదు. పెట్టడం అయ్యాక వాళ్లు గదిలోకి వెళ్లి తలుపు వేసుకోవాలి, విజిల్ ఊదాలి. అప్పుడు చూసే జట్టు ఆయన్ని తీసుకొస్తుంది. వీళ్లకు జవాబు తెలియదు, తెలియకూడదు. తెలిసిన మనిషి ఎదురుగా ఉంటే ఊపిరి, చూపు, నిలబడే తీరు చెప్పేస్తాయి. బెర్లిన్‌లో లెక్కలు చేస్తుందన్న హాన్స్ అనే గుర్రం, అడిగేవాళ్ల తల కదలిక చూసి గిట్ట కొట్టడం ఆపుతోందని 1907లో ఫుంగ్‌స్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తేల్చింది ఇలాంటి ఏర్పాటుతోనే. ఊరి జనాన్ని కూడా కనుచూపు మేరలో ఉండనివ్వకండి.

పాచిక అంకె వరసగా రెండుసార్లు ఒకటే పడితే మార్చాలనిపిస్తుంది. మార్చకండి. మనుషులు తమ ఇష్టానికి చోటు ఎంచితే, వెంటనే మళ్లీ అక్కడే పెట్టరు, కొసలకు పెట్టరు. ఎదుటివాడు అది తెలియకుండానే పట్టేస్తాడు.

పన్నెండు సార్లు చేయండి. గుడ్డిగా చెప్పినా సగటున రెండు తగులుతాయి. ఆరు, అంతకు మించి తగలడం వెయ్యికి ఎనిమిది సార్లు, ఏడు, అంతకు మించి తగలడం వెయ్యికి ఒకసారికి కాస్త ఎక్కువ. గీత ఏడు దగ్గర గీయండి. పదిట్లో తొమ్మిది అనే మనిషికి పన్నెండులో ఏడు కష్టం కాకూడదు. మధ్యలో ఫలితం చెప్పకండి, మధ్యలో ఆపకండి. ప్రతిసారీ ఆయన చెప్పిన అంకె రాసి కవరులో పెట్టి అంటించండి. ఒక్కోదానికి పది నిమిషాలు వేసుకున్నా రెండు గంటలు పడుతుంది, కాబట్టి ఉదయం ఏడింటికే మొదలుపెట్టండి. ఎండ ఎక్కితే అలిసిపోయానంటాడు, అది నిజం కూడా.

దర్శి_పెద్దబాబు:

అన్నా, క్యాన్లో నీళ్లు వేరు, భూమిలో పారే జల వేరు. వాళ్లు పట్టేది జలనే. పైగా మ్యూనిక్‌లో శాస్త్రవేత్తలే పరీక్ష చేసి కొందరికి ఈ శక్తి ఉందని తేల్చారు కదా? దాని సంగతేంది?

హేతువు_ఒంగోలు:

మంచి ప్రశ్న అడిగావన్నా. మ్యూనిక్ పరీక్షలు 1987, 88లలో జరిగాయి. ఒక పెద్ద కొట్టంలో కింద అంతస్తున పైపును బండి మీద పెట్టి జరిపారు, పై అంతస్తున 10 మీటర్ల గీత మీద నడిచి పైపు ఎక్కడుందో చెప్పాలి. 500 మందిలో ఏరిన 43 మంది, 843 ప్రయత్నాలు. 43 మందిలో 37 మందికి ఏ సామర్థ్యమూ కనబడలేదు. మిగిలిన ఆరుగురిని చూపించే పరీక్ష చేసినవాళ్లు శక్తి ఉందన్నారు. జిమ్ ఎన్‌రైట్ అనే శాస్త్రవేత్త 1999లో ఆ అంకెలనే మళ్లీ లెక్కగట్టాడు. అందరికంటే మేలైనవాడు కూడా, ప్రతిసారీ కళ్లు మూసుకొని "గీత మధ్యలో" అని చెప్పేవాడి కంటే సగటున 4 మిల్లీమీటర్లే దగ్గరగా వచ్చాడు. పది మీటర్లలో 4 మిల్లీమీటర్లు. దాంతో బోరు పాయింట్ పెట్టలేం.

పారే జల మాత్రమే అంటే క్యాన్లు వదిలేయండి, ఇంకో దారి ఉంది. దానికి కావలసింది తాడు, టేపు, కళ్లకు గంతలు, అంతే. దున్ని గుంటక తోలి చదును చేసిన చేలో 60 మీటర్ల తాడు కట్టండి. కళ్లు తెరిచి తాడు వెంట నడిచి అన్నిటికంటే బలమైన జల ఎక్కడో చెప్పమనండి. టేపుతో కొలిచి రాసుకోండి, నేల మీద గుర్తు పెట్టకండి. తర్వాత గంతలు కట్టి ఐదుసార్లు నడిపించండి. జల కదలదు కదా, అదే చోట కాయ లేవాలి. ఒక మీటరు అటూ ఇటూ తేడా ఒప్పుకోండి. 60 మీటర్లలో ఆ మేర 2 మీటర్లు, అంటే గుడ్డిగా తగిలే అవకాశం ముప్పైలో ఒకటి. ఐదింట్లో మూడు తగిలాయంటే మామూలు సంగతి కాదు, అది మూడు వేల సార్లలో ఒకసారి జరిగే పని.

తప్పు జరిగేచోట్లు రెండున్నాయి. మామూలు గుడ్డ కడితే ముక్కు పక్క నుంచి కింద నేల కనబడుతుంది. ఈతకళ్లద్దాలకు లోపల దూది, బయట నల్ల టేపు వేయండి. రెండోది అడుగుల లెక్క. ఒకేచోట మొదలుపెడితే నలభై అడుగులేశాక ఆగితే చాలని కాళ్లకే తెలిసిపోతుంది. అందుకే తాడు బయట వేర్వేరు దూరాల నుంచి, ఒకసారి తూర్పు కొసన, ఒకసారి పడమర కొసన మొదలుపెట్టండి. ఎక్కడి నుంచన్నది పాచిక చెప్పాలి.

ఇద్దరు నీళ్లు చూసేవాళ్లు దొరికితే మరీ మంచిది. ఒకరికొకరు తెలియకుండా ఒకే చేలో విడివిడిగా నడిపించి రెండు పటాలూ పక్కపక్కన పెట్టండి.

భూగర్భం_మార్కాపురం:

పాయింట్లు ఎందుకు పడతాయో కూడా మాట్లాడుకోవాలి. లేకపోతే "మరి మా బోరు పడింది కదా" అన్నవాడికి జవాబుండదు.

మన మెట్ట ప్రాంతమంతా గట్టిరాయి. మార్కాపురం వైపు పలకరాయి, కొండల వైపు గట్టి ఇసుకరాయి, తూర్పున గ్రానైటు లాంటివి. నీళ్లు ఉండేది పైన చివికిన పొరలోనూ, కింద రాతి పగుళ్లలోనూ. చివికిన పొర మందంగా ఉన్న పల్లంలో ఎక్కడ వేసినా ఎంతో కొంత తగులుతుంది. నలభై ఏళ్లు చేలు తిరిగిన మనిషికి వాగు వార, పల్లం, పుట్టలు, మేడి చెట్టు, పాత బావుల వరస అన్నీ కంటిలోనే ఉంటాయి. వరాహమిహిరుడు బృహత్సంహితలో దకార్గళం అని ఒక అధ్యాయం చాలావరకు చెట్లు, పుట్టల గుర్తుల మీదే రాశాడు. ఆ పరిశీలన విలువైనది, దాన్ని కొట్టిపారేయొద్దు. పరీక్ష పెట్టేది కాయకు, ఆ అనుభవానికి కాదు. గంతలు కట్టేది రెంటినీ విడదీయడానికే.

కాయ లేవడంలో మోసం అక్కర్లేదు. పొడవుగా పడుకోబెట్టిన కాయ అరచేతిలో నిలకడగా ఉండదు, వేళ్లు వెంట్రుకవాసి లేచినా తిరుగుతుంది. మనసు అనుకున్నదాన్ని కండరాలు తెలియకుండా చేసేయడం గురించి 1852లోనే విలియం కార్పెంటర్ అనే శాస్త్రవేత్త రాశాడు. ఆయన చెప్పిన పాయింట్ మీదే చెక్కపీట వేసి, దాని మీద అదే కాయను పడుకోబెట్టి, చేయి తీసి అరగంట చూడండి. అది మనిషి లేకుండా లేవదు. కాయకు బదులు వేప పంగ పుల్ల పట్టుకునేవాళ్లయితే, దాని రెండు కొమ్మలూ పిడికిళ్లలో బిగించి వంచి పట్టడం వల్ల మణికట్టు కాస్త తిరిగినా కొస టక్కున కిందికి పడుతుంది.

పేరు మాత్రం లెక్క కాదు. "పదిట్లో తొమ్మిది" అన్నప్పుడు ఎవరు రాసుకున్నారు? పడినవి పెళ్లిళ్లలో చెప్పుకుంటారు, పోయినవి అప్పులోళ్లకు తప్ప ఎవరికీ గుర్తుండవు. రాబోయే బోర్ల చిట్టా మొదలుపెట్టండి. బండి రాకముందే రాయాలి: ఏ పాయింట్, ఎన్ని అడుగుల్లో, ఎన్ని అంగుళాల నీళ్లు. తర్వాత "ఇంకో వంద అడుగులు పోయుంటే పడేది" అన్న మాట ఒప్పుకోకండి. నీళ్లు చూసేవాళ్లు లేకుండా వేసిన చుట్టుపక్కల బోర్లు కూడా అదే చిట్టాలో ఉండాలి, పోల్చడానికి.

అంగుళాల మాట జాగ్రత్త. బోరు నీళ్లు కొలిచే 90 డిగ్రీల వి-నాచ్ పలకలో (V ఆకారపు గాడి ఉన్న పలక) రెండంగుళాల ఎత్తు పారితే నిమిషానికి సుమారు 48 లీటర్లు. మూడంగుళాలైతే 130 దాటుతుంది. ఒక్క అంగుళం తేడాకు నీళ్లు రెండున్నర రెట్లు పైనే పెరుగుతాయి. అందుకే "రెండు, మూడు అంగుళాలు" అని కలిపి చెప్పేది జోస్యం కాదు. వి-నాచ్ లేకపోతే 200 లీటర్ల డ్రమ్ము ఎన్ని సెకన్లలో నిండిందో రాయండి. కంప్రెసర్ గాలి కొట్టిన మొదటి ఉరవడిని కొలవకండి, నిలదొక్కుకున్నాక కొలవండి.

రైతు అడిగేది మరి ఏం చేయాలని. భూగర్భ జలశాఖ వాళ్లు, ప్రైవేటు జియాలజిస్టులు విద్యుత్ నిరోధ సర్వే చేస్తారు. నేలలో నాలుగు ఇనుప మేకులు దిగ్గొట్టి, బయటి రెండింటి గుండా కరెంటు పంపి లోపలి రెండింటి మధ్య వోల్టేజీ చూస్తారు. మేకుల దూరం పెంచేకొద్దీ లోతు తెలుస్తుంది. వంద మీటర్ల లోతు చూడాలంటే మూడొందల మీటర్లకు పైగా తిన్నగా జాగా కావాలి. ముళ్లకంచె తీగలు, కరెంటు లైన్లు రీడింగు చెడగొడతాయి. ఎండు నేలలో మేకుల దగ్గర ఉప్పునీళ్లు పోయాలి. ఇది కూడా హామీ కాదు. బంకమన్ను, ఉప్పునీళ్లు రెండూ మంచి నీళ్లలాగే కనిపించవచ్చు, లోతున సన్నటి పగులు అసలు కనిపించకపోవచ్చు. కానీ ఎందుకు తప్పిందో కాగితం మీద చూసుకోవచ్చు. కొత్త బోరుకు 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి తీసుకోవడం మరువకండి. కనిగిరి వైపు నీళ్లు పడ్డాక తాగాలనుకుంటే ఫ్లోరైడు పరీక్ష తప్పనిసరి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ బోరు తాగడానికి పనికిరాదు.

పొదిలి_మెట్టరైతు:

అన్నలూ, శానా మేలు చేశారు. తాడు పరీక్షే ముందు పెడతాం. రెండు అనుమానాలు. మా బృందంలో కొందరు జాతకాలకు కూడా ఇట్లాగే పెట్టొచ్చా అంటున్నారు. ఇంకోటి, పెద్దాయన నిజంగానే ఏడు కొట్టేస్తే?

హేతువు_ఒంగోలు:

జాతకాలకు మహారాష్ట్రలో ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్, హేతువాది నరేంద్ర దభోల్కర్ మరికొందరితో కలిసి చేశారు. బాగా చదివే పిల్లలవీ, మానసిక ఎదుగుదల లేని పిల్లలవీ జాతకాలు కలిపి, ఒక్కో జ్యోతిష్కుడికి 40 చొప్పున ఇచ్చి ఏది ఎవరిదో చెప్పమన్నారు. జవాబులు పంపిన 27 మంది కలిపి 46 శాతం సరిగ్గా చెప్పారు. నాణెం ఎగరేసినా 50 వస్తుంది. మీరు చేసేటట్టయితే ఊళ్లో తెలిసిన పిల్లల జాతకాలు వద్దు, పుట్టిన తేదీ చూసి గుర్తుపట్టేస్తారు. తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఒక్క కాగితం కూడా తీసుకోకండి.

ఏడు కొడితే ఆ రోజు చప్పట్లు కొట్టి శాలువా కప్పండి, మనస్ఫూర్తిగా. ఫలితం ఏదైనా ఉన్నదున్నట్టు రాసి ఆయనకూ ఒక కాపీ ఇవ్వండి. ఆ తర్వాత వీడియో అంతా కూర్చొని చూడండి: పెట్టెల కింద ఏదైనా కనబడిందా, విజిల్‌కు ముందు ఎవరైనా బయటికొచ్చారా, పాచిక నిజంగా వేశారా. ఏ లోపమూ దొరక్కపోతే వేరే ఊరి జట్టుతో, కొత్త క్యాన్లతో, వేరే స్థలంలో మళ్లీ పన్నెండు. ఓడినా అంతే, ఆయన ఇంకోసారి అడిగితే ఇవ్వండి, కానీ మొదటి పన్నెండునూ కలిపే లెక్క చెప్పాలి, చెరిపేయకూడదు. పోటీ ముందు రోజు రాత్రి నీళ్ల క్యాన్ మూత కారకుండా ఉందో లేదో తలకిందులు చేసి చూసుకోండి.