టోకెలావు భాషను ఎక్కడ కాపాడాలి: దీవుల్లోనా, న్యూజిలాండ్‌లోనా?

కృష్ణాతీరం:
టోకెలావు అంటే పసిఫిక్‌లో న్యూజిలాండ్ అధీనంలో ఉన్న మూడు పగడపు దీవులు: అటాఫు, నుకునోను, ఫకావోఫో. విమానాశ్రయం లేదు. సమోవాలోని అపియా నుంచి ఓడలో ఒక రోజుకు పైగా ప్రయాణం. ఆ దీవుల్లో ఉండేది సుమారు 1,500 మంది. న్యూజిలాండ్‌లో మాత్రం టోకెలావు వాళ్లు 2018 జనగణన నాటికే 8 వేలు దాటారు. పిల్లలు ఎక్కడుంటే డబ్బు, టీచర్లు అక్కడికే వెళ్లాలి కదా? పైగా ఆ దీవులు సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉన్నాయి. భాష భారమంతా వాటి మీదే మోపడం సరికాదు.

మిణుగురు:
నేను ఒప్పుకోను కృష్ణాతీరం గారూ. దీవుల్లో ఆ భాష లేకుండా రోజు గడవదు. ఊరి పెద్దల సభ, అంటే తౌపులేగా, అందులోనే నడుస్తుంది. అందరూ కలిసి పట్టిన చేపల్ని ఇంటింటికీ సమానంగా పంచే ఇనాటి పద్ధతి ఇంకా ఉంది. ఆ పంపకం దగ్గర పిల్లలు వినే మాటలు వెల్లింగ్టన్ క్లాసురూముకు ఎలా వస్తాయి?

ఇంకో సంగతి. 1860ల్లో సమోవా బోధకులతో క్రైస్తవం వచ్చాక చాలాకాలం చర్చిలోనూ బడిలోనూ సమోవన్ భాషదే పెత్తనం. టోకెలావు నిఘంటువు 1986లో గానీ రాలేదు. అయినా భాష పోలేదు. ఇంట్లో, పడవలో మాట్లాడుకున్నారు కాబట్టే నిలిచింది.

పోరిరువా పద్మ:
నేనుండేది న్యూజిలాండ్‌లో, టోకెలావు కుటుంబాలు చాలా ఉన్న పోరిరువా ఊళ్లో. మా పక్కింటి మామ్మగారు తన భాషలో పిలిస్తే మనవడు ఇంగ్లీషులో పలుకుతాడు. ఇక్కడి మన తెలుగు ఇళ్లలోనూ ఇదే వరస. అయితే మన వెనక కోట్ల మంది ఉన్నారు, వాళ్లకు ఆ ధీమా లేదు.

1966లో టోకెలావును తాకిన తుఫాను తర్వాత కుటుంబాలను ఇక్కడికి తరలించే పథకం నడిపింది న్యూజిలాండ్ ప్రభుత్వమే. ఆ బాధ్యత ఏటా ఒక భాషా వారోత్సవంతో తీరిపోదండీ. పాటలు, నాట్యం బాగుంటాయి, నాకూ ఇష్టమే. కానీ చిన్నపిల్లల కేంద్రంలో నేర్చుకున్నది ప్రైమరీ స్కూల్లోనూ కొనసాగాలి. అందుకు జీతమిచ్చి టీచర్లను పెట్టాలి.

కృష్ణాతీరం:
మిణుగురు గారూ, సమోవన్ టోకెలావు భాషకు దగ్గరి చుట్టం. ఇంగ్లీషు అలా కాదు, చదువు, ఉద్యోగం, ఫోను అన్నీ దాని చేతిలోనే ఉన్నాయి. అప్పుడు నిలిచింది కాబట్టి ఇప్పుడూ నిలుస్తుందని నేను అనుకోను.

మిణుగురు:
అది నిజమే. అయినా దీవుల్ని వదిలేయమనే మాట మాత్రం ఒప్పుకోను. 2022లో సముద్రగర్భ ఇంటర్నెట్ కేబుల్ నుకునోను దాకా వచ్చింది. అక్కడి పెద్దవాళ్లు ఇక్కడి పిల్లలకు రోజూ పాఠం చెప్పొచ్చు.

పోరిరువా పద్మ:
చెప్పొచ్చు. ఆ పెద్దవాళ్లకూ టీచర్లతో సమానంగా జీతం ఇస్తేనే. లేకపోతే ఇది కూడా వారోత్సవంలాగే మిగులుతుంది.