ఎలక్ట్రానిక్ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో మనిషి చేసే పని ఏమిటి?

ప్రశ్న: కావలి అధ్యాపకుడు

నమస్కారం. మా ప్రాంతపు టెలిఫోన్ల చరిత్ర మీద కళాశాల సంచికకు ఒక వ్యాసం సిద్ధం చేస్తున్నాను. బోర్డు ముందు కూర్చుని తీగలు గుచ్చి కాల్ కలిపిన ఆపరేటర్ల గురించీ, ఆ తరువాత డయల్ చేసిన అంకెలను బట్టి ఆపరేటరు లేకుండానే కాల్ కలిపిన స్ట్రోజర్ యంత్రాల గురించీ చెప్పేవారు దొరికారు గానీ, ఎలక్ట్రానిక్ ఎక్స్ఛేంజిల దగ్గరకు వచ్చేసరికి అందరూ 'అంతా కంప్యూటరే చూసుకునేది' అన్న ఒక్క మాటతో సరిపెడుతున్నారు.

అంతా కంప్యూటరే చూసుకుంటే ఆ గదిలో రాత్రింబవళ్లు మనిషి ఎందుకు కాపలా ఉన్నట్టు? వేల లైన్లలో ఏది చెడిందో టెర్మినల్ ముందున్నవారికి ఎలా తెలిసేది? ఇంకొకటి. కార్తీకంలో వాయుగుండం పట్టి నాలుగు రోజులు ముసురు వదలకపోతే మా వైపు వీధులకు వీధులు ఫోన్లు మూగబోయేవి. అడిగితే ఎక్స్ఛేంజి బాగానే ఉందనేవారు. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో, ఆ పని చేసినవారు ఎవరైనా వివరించగలరా?

జవాబు 1: విశ్రాంత స్విచ్‌రూమ్ ఉద్యోగి, ఒంగోలు

అధ్యాపకుల వారికి నమస్కారం. నేను ఎక్కువ కాలం పనిచేసింది మన దేశపు టెలికాం పరిశోధన సంస్థ సీడాట్ రూపొందించిన ఎక్స్ఛేంజిల మీద కాబట్టి వాటినే ఆధారంగా చేసుకుని రాస్తాను. ఆ సంస్థ 1984లో ఏర్పడింది. దాని 128 పోర్టుల (అంటే తీగలు వచ్చి కలిసే చోట్ల) గ్రామీణ ఎక్స్ఛేంజి 1986లో కర్ణాటకలోని కిత్తూరులో మొదలైంది. ఏసీ లేకుండా పనిచేసేలా దాన్ని రూపొందించారు. కనిగిరి, పొదిలి వైపు ఎండలు తెలిసినవారికి ఆ సౌకర్యం విలువ వేరే చెప్పనక్కరలేదు.

పట్టణాల్లో పెట్టిన పెద్ద ఎక్స్ఛేంజిలో పని నాలుగు చోట్లకు పంచి ఉంటుంది. చందాదారుల తీగలు వచ్చి చేరేవి బేస్ మాడ్యూళ్లు. వాటిలో ఒక్కొక్క లైను కార్డు, అంటే సర్క్యూట్లు అమర్చిన పలక, 8 లైన్లను చూసుకుంటుంది. ఒక బేస్ మాడ్యూల్ నుంచి మరొకదానికి దారి ఇచ్చేది సెంట్రల్ మాడ్యూల్. మొత్తం ఎక్స్ఛేంజి స్థాయిలో దారులనూ వనరులనూ కేటాయించేది అడ్మినిస్ట్రేటివ్ మాడ్యూల్. నాలుగోది ఐఓపీ అనే యూనిక్స్ కంప్యూటర్. మనిషి మాట్లాడేది దీనితోనే. బిల్లింగ్ లెక్కలు, లైన్ల వివరాలు, మాడ్యూళ్లలోకి ఎక్కించవలసిన సాఫ్ట్‌వేరు అన్నీ దాని డిస్కుల్లోనే ఉంటాయి. ఐఓపీ ఆగినా ఊళ్లో కాల్స్ కలుస్తూనే ఉంటాయి, కానీ మాకు కళ్లు మూసుకుపోయినట్టే. అందుకే ఐఓపీని కూడా జంటగానే పెట్టారు.

టెర్మినల్‌లో మేము కొట్టే ఆదేశాలకు ఒక పద్ధతి ఉంది. ముందు చేయవలసిన పని, తరువాత దేని మీద చేయాలో ఆ వస్తువు, ఆ తరువాత వివరాలు. ఈ తరహా భాషకు అప్పటి అంతర్జాతీయ టెలిఫోన్ సలహా సంఘం సీసీఐటీటీ ప్రమాణాలు కూడా ఏర్పరచింది. కొత్త కనెక్షన్ ఇవ్వాలంటే చందాదారు నంబరూ, అతని తీగ ఏ మాడ్యూల్, ఏ ర్యాక్, ఏ ఫ్రేము, ఏ స్లాటు, ఎన్నో సర్క్యూట్‌లోకి వస్తుందో ఆ చిరునామా ఇస్తాము. స్ట్రోజర్‌లో నంబరంటే తీగల అమరికే. ఇక్కడ నంబరు కేవలం డేటా, అదే అసలు మార్పు. ఎస్టీడీ తెరవడం, బకాయి ఉన్నవారికి బయటి కాల్స్ ఆపడం, ఊరు మారినవారి పాత నంబరు రద్దు చేయడం, ఇవన్నీ కుర్చీలోంచి లేవకుండా జరిగే పనులే. ఎవరు ఏ గంటకు ఏ ఆదేశం ఇచ్చారో యంత్రం రాసిపెట్టుకుంటుంది. ఒక్కొక్కరి పాస్‌వర్డుకు అనుమతించిన ఆదేశాలు మాత్రమే వారికి పనిచేస్తాయి.

ఇక లోపాల సంగతి. ముఖ్యమైన ప్రతి భాగానికీ జంట ఉంటుంది. ఒకటి పనిలో ఉంటే రెండోది సిద్ధంగా ఉంటుంది. పనిలో ఉన్నది తప్పు చేస్తోందని అనుమానం వస్తే యంత్రమే దాన్ని తప్పించి, జంటకు పని అప్పగించి, తప్పించినదాన్ని పరీక్షించుకుని, అనుమానపు కార్డు ఏదో చెబుతూ నివేదిక అచ్చు వేస్తుంది. తీవ్రతను బట్టి అలారం ప్యానెల్ మీద దీపం వెలుగుతుంది, గంట మోగుతుంది. అక్కడి నుంచి మనిషి పని మొదలవుతుంది. ఆ కార్డును లాగే ముందు రెండు విషయాలు చూసుకోవాలి. జంట కార్డు నిజంగా ఆరోగ్యంగా ఉందా, లాగబోయే కార్డును సేవ నుంచి తప్పిస్తున్నట్టు యంత్రానికి ఆదేశం ఇచ్చామా? పక్కనున్న మంచి కార్డును పొరపాటున లాగితే, యంత్రం అంతవరకు కాపాడుకొచ్చిన కాల్స్ మనిషి చేతిలో పోతాయి. ఎర్త్‌కు కలిపిన పట్టీ మణికట్టుకు కట్టుకోనిదే కార్డు ముట్టుకోకూడదు. దుమ్ము లోపలికి రాకుండా చెప్పులు గుమ్మం బయటే విడవాలి. ఎంత పెద్ద అధికారి వచ్చినా ఈ నియమానికి సడలింపు ఉండేది కాదు.

మీ ముసురు ప్రశ్నకు వస్తాను. నా దృష్టిలో ఈ ఉద్యోగమంతటిలో నిజంగా బుర్రకు పని పెట్టేది అదే. రిసీవరు ఎత్తినప్పుడు రెండు తీగల మధ్య వలయం పూర్తయి కరెంటు ప్రవహిస్తుంది. దాన్ని చూసే ఎక్స్ఛేంజి డయల్ టోన్ ఇస్తుంది. భూమిలోని కేబుల్ అతుకులోకి నీరు దిగితే ఆ రెండు తీగల మధ్య నీటిగుండానే కరెంటు కారుతుంది. ఇంట్లో ఎవరూ ఫోను ముట్టకపోయినా రిసీవరు ఎత్తారనే ఎక్స్ఛేంజి అనుకుంటుంది. టోన్ ఇచ్చి అంకెల కోసం ఎదురుచూసి, గడువు దాటాక ఆ లైనును పక్కన పెట్టేస్తుంది. ఒకటి రెండు లైన్లయితే ఫరవాలేదు. వందల లైన్లు ఒకేసారి ఇలా వచ్చి పడితే అంకెలు అందుకునే సర్క్యూట్లన్నీ వాటికే చిక్కుకుపోయి, మంచి లైన్లవారికి కూడా టోన్ ఆలస్యమవుతుంది. ఎక్స్ఛేంజి బాగానే ఉన్నదీ నిజమే, వీధంతా మూగబోయిందీ నిజమే.

అప్పుడు మేము పక్కన పెట్టిన లైన్ల జాబితా తీయించి, ఎండీఎఫ్ రిజిస్టరు పక్కన పెట్టుకుని చూస్తాము. ఎండీఎఫ్ అంటే బయటి కేబుళ్లూ లోపలి తీగలూ కలిసే పెద్ద చట్రం. ఆ లైన్లన్నీ ఒకే కార్డుకు చెందినవైతే లోపం లోపలిది. వేర్వేరు కార్డుల మీద ఉండి, బయట మాత్రం ఒకే కేబుల్‌లో వరుస జతలైతే లోపం వీధిలోది. తరువాత టెర్మినల్ నుంచే లైను పరీక్షకు ఆదేశం ఇస్తాము. తీగకూ తీగకూ మధ్య, తీగకూ భూమికీ మధ్య నిరోధం ఎంతో, పరాయి వోల్టేజి ఏమైనా వచ్చి చేరిందో, కెపాసిటెన్స్ ఎంతో అంకెలు వస్తాయి. నిరోధం పడిపోతే తడి. రెండు తీగలూ ఒకే చోట తెగిపోతే కెపాసిటెన్స్ తగ్గుతుంది. అది ఎంత తగ్గితే తెగిన చోటు ఎక్స్ఛేంజికి అంత దగ్గరగా ఉన్నట్టు. ఇంకా అనుమానముంటే ఎండీఎఫ్ దగ్గర బయటి తీగను విడదీసి మళ్లీ కొలుస్తాము. లైన్‌మాన్‌ను వానలో పంపే ముందు ఈ పని పూర్తికావాలి. లేకుంటే ఆయన తవ్విన గొయ్యి వృథా.

జవాబు 2: పవర్ ప్లాంటులో పనిచేసినవాడిని, నెల్లూరు

పైవారు చెప్పినదంతా సరైనదే గానీ, స్విచ్‌రూమ్‌వారు సాధారణంగా మరచిపోయే బ్యాటరీ గది సంగతి నేను చేరుస్తాను. ఎక్స్ఛేంజి నడిచేది 48 వోల్టుల డీసీ మీద. 2 వోల్టుల సెల్లులు 24 వరుసగా కలిపితే ఆ వోల్టేజి వస్తుంది. పాజిటివ్ కొసను భూమికి కలిపి, తీగల మీద నెగటివ్ ఉంచుతారు. భూమిలోని కేబుళ్లు విద్యుద్విశ్లేషణ వల్ల తినుకుపోకుండా ఈ ఏర్పాటు. బయటి కరెంటును డీసీగా మార్చే యంత్రం, బ్యాటరీ, ఎక్స్ఛేంజి ఈ మూడూ ఎప్పుడూ కలిసే ఉంటాయి కాబట్టి కరెంటు పోయిన క్షణాన మార్పిడి అంటూ ఏమీ జరగదు, మాట్లాడుతున్నవారికి తేడా తెలియదు. డీజిల్ జనరేటరు అందుకునే వరకు బ్యాటరీ మోస్తుంది.

అయితే ఆ మోయగల శక్తి కాగితం మీద ఉన్నంత ఉందో లేదో కనిపెట్టడమే మా పని. పాత రకం సెల్లుల్లో ద్రవం సాంద్రతను హైడ్రోమీటరుతో కొలిచి రాయాలి, తగ్గిన మేరకు డిస్టిల్డ్ వాటరు పోయాలి. తరువాత వచ్చిన మూసివేసిన సెల్లులకు నీటి బెడద లేదు గానీ వేడి బెడద ఉంది. గది వేడి 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు దాదాపు సగమవుతుందని లెక్క. సముద్రం దగ్గరి ఎక్స్ఛేంజిల్లో ఉప్పుగాలికి బ్యాటరీ టెర్మినళ్లు (తీగలు బిగించే కొసలు) పూస్తాయి. తుడిచి జెల్లీ రాయకపోతే అతుకు వేడెక్కుతుంది. తుపాను హెచ్చరిక రాగానే మేము చూసుకునే మొదటి విషయం డీజిల్ నిల్వ. నా అనుభవంలో ఎక్స్ఛేంజి నిలువునా ఆగిపోయిన సందర్భాల్లో ఎక్కువ వాటికి మూలం ప్రాసెసరు కాదు, ఈ గదే.

కావలి అధ్యాపకుడు

ఇద్దరికీ కృతజ్ఞతలు. మరొక్క సందేహం. జంట భాగాలు రెండూ ఉండగా, కరెంటు ఉండగా కూడా సాఫ్ట్‌వేరే దారి తప్పితే? అప్పుడు మొత్తం ఆపి మళ్లీ మొదలుపెట్టడమేనా?

జవాబు 3: టెలికాం చరిత్ర చదివేవాడిని, ఒంగోలు

ఈ సమస్యను మొదటితరం నిపుణులే ఊహించారు. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం సక్కాసున్నాలో 1965 మే 30న మొదలైన బెల్ టెలిఫోన్ వ్యవస్థ ఎలక్ట్రానిక్ ఎక్స్ఛేంజి నంబర్ 1 ఈఎస్ఎస్‌కు 40 ఏళ్లలో మొత్తం 2 గంటలకు మించి ఆగకూడదన్నది లక్ష్యం. దాని రెండు ప్రాసెసర్లూ ఒకే పనిని సమాంతరంగా చేస్తూ ఫలితాలను పోల్చుకునేవి. తేడా వస్తే పరీక్ష నడిచి, ఒక సంఖ్య టెలిటైపు మీద అచ్చయ్యేది. ఉద్యోగి ఆ సంఖ్యను లావుపాటి పుస్తకంలో వెతికి అనుమానపు కార్డులేవో తెలుసుకునేవాడు.

కానీ రెండు ప్రాసెసర్లలోనూ ఒకే ప్రోగ్రాము, అదే తప్పు ఉంటే పోల్చి లాభం లేదు. 1990 జనవరి 15న అమెరికా టెలిఫోన్ సంస్థ ఏటీ అండ్ టీ దూరపు కాల్స్ నెట్‌వర్కులో జరిగిన తప్పు ఆ జాతిదే. ఒక స్విచ్, అంటే కాల్స్ కలిపే ఎక్స్ఛేంజి యంత్రం, తనను తాను బాగుచేసుకుని తిరిగి సేవలోకి వచ్చి పంపిన సందేశాలే పొరుగు స్విచ్‌లను పడగొట్టాయి, అవి లేచి తమ పొరుగువాటిని పడగొట్టాయి. 114 స్విచ్‌ల మధ్య దాదాపు 9 గంటలు ఈ తంతు సాగింది. చివరకు నిపుణులు స్విచ్‌ల మధ్య సందేశాల బరువు తగ్గించి పరిస్థితిని నిలబెట్టారు. లోపలి తప్పు దొరకకముందే బయటి భారాన్ని తగ్గించాలన్న ఆలోచన మాత్రం మనుషులదే.

జవాబు 1 నుంచి మళ్లీ

మా స్థాయిలో అంత పెద్ద చిక్కులు రాలేదు గానీ సూత్రం అదే. మొత్తం ఆపడమన్నది చివరి మెట్టు. తేలికపాటి పునఃప్రారంభంలో యంత్రం తన పట్టికలను సరిచేసుకుంటుంది. మాటల్లో ఉన్న కాల్స్ నిలుస్తాయి, డయల్ చేస్తున్నవి మాత్రం పోతాయి. అది సరిపోకపోతే ఒక్క మాడ్యూల్‌కు డిస్కు నుంచి సాఫ్ట్‌వేరూ డేటా మళ్లీ ఎక్కిస్తాము. ఆ మాడ్యూల్ కాల్స్ అన్నీ తెగుతాయి, మిగిలిన ఊరికి ఇబ్బంది లేదు. మొత్తం ఎక్స్ఛేంజిని మళ్లీ లోడు చేయాలంటే మాత్రం పై అధికారి అనుమతి తీసుకోవలసిందే. ఆసుపత్రి, పోలీసు స్టేషను, అగ్నిమాపక కేంద్రం లైన్లు కూడా ఆ కాసేపు ఆగుతాయి కాబట్టి ముందుగా వారికి కబురు పెట్టేవాళ్లం. అర్ధరాత్రి దాటాక తప్ప అటువంటి పని పెట్టుకునేవాళ్లం కాదు.

డిస్కు మీది డేటా ఏనాటిదన్నది ఇక్కడ కీలకం. చివరి బ్యాకప్ తరువాత ఇచ్చిన కనెక్షన్లూ, మార్చిన నంబర్లూ దానిలో ఉండకపోవచ్చు. అందుకే బ్యాకప్ టేపులు క్రమం తప్పకుండా తీసి, ఒక ప్రతిని వేరే గదిలో దాచేవాళ్లం. లోడు పూర్తయ్యాక ఆదేశాల లాగ్ చూసి మిగిలిపోయిన మార్పులను మళ్లీ కొట్టి, ప్రతి మాడ్యూల్ నుంచీ ఒక లైను తీసుకుని స్థానిక కాల్, ఎస్టీడీ కాల్ చేసి చూసి, బిల్లింగ్ ఫైళ్లలో అవి నమోదయ్యాయో లేదో సరిచూసుకున్న తరువాతే రిజిస్టరులో సంతకం పెట్టేవాళ్లం.