తేజ మిర్చి: శ్రీలంక, బంగ్లాదేశ్‌లకు పంపడం తేలికేనా?

గుమాస్తా, గుంటూరు యార్డు:
నమస్కారమండి. కమీషన్ కొట్టులో పదిహేనేళ్లుగా గుమాస్తాను. మా పంట, మా బావ పంట కలిపి 260 టిక్కీల (బస్తాల) తేజ మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఉంది. ఇన్నాళ్లూ ఊళ్లోవాళ్ల సరుకుకు లెక్కలు రాస్తూ, అదే సరుకు కొలంబోకో ఢాకాకో పోతుంటే చూస్తూ కూర్చున్నాను. ఈసారి మనమే పంపుదామని 500 రూపాయలు కట్టి ఐఈసీ (ఎగుమతి, దిగుమతుల కోడు) తీసుకున్నాను. ఐరోపా జోలికి పోను, అక్కడి పరీక్షలు మన వల్ల కాదు. శ్రీలంక, బంగ్లాదేశ్ అయితే అంత పట్టింపు ఉండదని కొట్టుకు వచ్చేవాళ్లు అంటున్నారు. నిజమేనా? మా బావ మాత్రం ‘నీకు వచ్చే లెక్క తెలుసు, పోయే లెక్క తెలియదు’ అంటున్నాడు.

పట్నంబజారు పాతకాపు:
మీ బావ తెలివైనవాడు. ఐఈసీతో గుమ్మం దాటారు, అంతే. సుగంధ ద్రవ్యాల బోర్డులో ఎగుమతిదారుగా నమోదు కావాలి. మిర్చికి అఫ్లాటాక్సిన్ (బూజు వల్ల పుట్టే విషం), సూడాన్ రంగు (కల్తీకి కలిపే ఎర్రరంగు) పరీక్షలు బోర్డే తప్పనిసరి చేసింది.

అఫ్లాటాక్సిన్ ఎక్కువగా మొదలయ్యేది ఓడలో కాదు, మన కల్లంలో. టిక్కీ తొక్కేటప్పుడు కాయ విరగకుండా నీళ్లు చల్లుతారు కదా, బరువు కలిసొస్తుందని ఇంకో రెండు చెంబులు. ఆ చెమ్మకే బూజు పడుతుంది. పైకి కాయ నిగనిగలాడుతూనే ఉంటుంది. గోటితో చీల్చి చూడండి. గింజల చుట్టూ బూడిదరంగు పొడి కనిపిస్తే ఆ లాటును పక్కన పెట్టాల్సిందే.

నన్ను ముంచింది మాత్రం పరీక్ష కాదు, డబ్బు. 2022లో బంగ్లాదేశ్‌లో డాలర్లకు కరువొచ్చినప్పుడు నా కంటైనర్ చిట్టగాంగ్ రేవులో నెలన్నర ఉంది. పత్రాలు బ్యాంకులో, సరుకు ఎండలో, రేవు అద్దె నా నెత్తిన. వెనక్కి తెచ్చుకుందామంటే, కొన్నవాడే అభ్యంతరం లేదని రాసివ్వాలన్నారు. అతనేమో ధర తగ్గిస్తే సరుకు విడిపించుకుంటానన్నాడు. తగ్గించాను, ఏం చేయను? అప్పటినుంచి మన బ్యాంకు ధ్రువీకరించిన ఎల్‌సీ (కొన్నవాడి బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ పత్రం), ఎగుమతి డబ్బు రాకపోతే ఆదుకునే ఈసీజీసీ బీమా లేనిదే లారీని కదలనివ్వను.

బెజవాడ క్లియరింగ్ ఏజెంటు:
ఇంకో మాట. కొనేవారు ముందు తమ దేశపు క్వారంటైన్ శాఖ నుంచి దిగుమతి పర్మిట్ తెచ్చి మీకు పంపాలి. ఫ్యూమిగేషన్ (పురుగు చావడానికి మందు పొగ పెట్టడం) కావాలా, ఏ మందుతో అన్నది అందులో ఉంటుంది. ఇక్కడ ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (సరుకులో పురుగూ తెగులూ లేవన్న పత్రం) దాన్ని బట్టే ఇస్తారు. పర్మిట్ రాకముందే తొందరపడి మందు పెట్టించి, మళ్లీ ఖర్చు పెట్టినవాళ్లను చూశాను.

ఎండుకాయకు కస్టమ్స్ కోడు 090421, కారానికి 090422. ఒకాయన కాయ పంపి బిల్లులో కారం కోడు వేశాడు. ఆ ఒక్క అంకె దిద్దించడానికి పన్నెండు రోజులు పట్టింది.

గుమాస్తా, గుంటూరు యార్డు:
అందరికీ ధన్యవాదాలండి. ఇవాళ కోల్డ్ స్టోరేజీకి వెళ్లి ఆరు టిక్కీలు విప్పించాను. మా కాయ శుభ్రంగా ఉంది. బావ టిక్కీలు రెండింటిలో మీరు చెప్పిన బూడిద పొడి. నీళ్లు ఎన్ని చల్లావని అడిగితే ‘అందరూ చల్లినన్నే’ అన్నాడు.

మాది మచ్చు తీసి పరీక్షకు ఇస్తున్నాను. బావ సరుకు పక్కన పెడితే తగ్గినది యార్డులో చూసి కొంటాను. కొలంబో ఆయన తొడిమ తీసిన కాయే కావాలంటున్నాడు. తొడిమ తీతకు కిలోకు కూలి ఎంత నడుస్తోందండి?